పాము పేరున్నదల్లా పామేనా?

గొర్రెలూ మేకలూ ఒకే మందలో కలిసి మేస్తున్నాయి. దూరం నుంచి చూస్తే అన్నీ ఒక్కతీరే ఉంటాయి. అన్నీ నలుపే. కానీ గొల్ల కురుమల ఇంటి ఆడమనిషిని అడిగి చూడండి. గట్టు మీద నిలబడే చెప్తుంది, "అది మేక, ఇది గొర్రె" అని. ఎట్ల తెలిసింది? తోక చూసింది. మేక తోక పైకి లేచి ఉంటుంది. గొర్రె తోక కిందికి వేలాడుతుంది. దగ్గరికి పోతే ఇంకా గుర్తులు దొరుకుతాయి. మేకపోతుకు గడ్డం ఉంటుంది. పాలమూరు వైపు పెంచే దక్కని గొర్రెకు ఉన్ని ఉంటుంది. ఆ ఉన్నితోనే గొంగళ్లు నేస్తారు.

ఆమె రంగు చూసి మోసపోలేదు. ఏ గుర్తును నమ్మాలో ఆమెకు ఎరుక. జంతువులను శరీర లక్షణాలను బట్టి గుంపులు చేయడాన్ని వర్గీకరణ అంటారు. వర్గం అంటే గుంపు. చదువుకున్న శాస్త్రజ్ఞులు చేసేదీ ఈ పనే. కాకపోతే వాళ్లు ఊరి మందతో ఆగరు. లోకంలో ఉన్న జీవులన్నిటినీ గుంపులు చేస్తారు.

ఏ గుర్తును నమ్మాలి? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

గబ్బిలం ఎగురుతుంది. మరి అది పక్షా? కాదు. దానికి ఈకలు లేవు. ఒంటి మీద వెంట్రుకలున్నాయి. గుడ్లు పెట్టదు, పిల్లను కని పాలిస్తుంది. కాబట్టి అది ఆవు, కుక్క, మనిషి ఉన్న గుంపులోనిదే. నల్లమల అడవిలో అలుగు అనే జంతువు ఉంది. దాని ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులు. ముట్టుకుంటే బంతిలా చుట్టుకుంటుంది. పొలుసులున్నాయి గదా అని చేపల్లో కలుపుతామా, పాముల్లో కలుపుతామా? అది కూడా పిల్లకు పాలిచ్చేదే. ఎగరడం, పొలుసులు ఉండడం పై గుర్తులు. పాలివ్వడం లోతైన గుర్తు.

పాలిచ్చే జంతువులన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టినవాడు లిన్నేయస్. ఆయనది స్వీడన్ దేశం. చదివింది వైద్యం. 1735లో రాసిన పుస్తకంలో ఆయన తిమింగలాన్ని చేపల్లో కలిపాడు. నీళ్లలో ఉంటుంది, ఈదుతుంది, ఇంకేం కావాలి అనుకున్నారు అప్పటివాళ్లు. 1758లో అదే పుస్తకాన్ని పెంచి మళ్లీ అచ్చు వేసినప్పుడు తిమింగలాన్ని అక్కడి నుంచి తీసి పాలిచ్చే గుంపులో పెట్టాడు. ఆ గుంపుకు తల్లి రొమ్మును బట్టే పేరు పెట్టాడు. ఆ రోజుల్లో అక్కడి డబ్బున్న ఇళ్లలో బిడ్డకు పాలివ్వడానికి దాదులను పెట్టుకునేవారు. తల్లి పాలే బిడ్డకు పట్టాలని వాదిస్తూ లిన్నేయస్ 1752లో ఒక పుస్తకం కూడా రాశాడు.

కాళ్లు లెక్కపెట్టడం ఇంకో మంచి గుర్తు. తలలోని పేనుకు ఆరు కాళ్లు. ఈగకు, చీమకు, నల్లికి కూడా ఆరే. ఇవన్నీ కీటకాలు. బర్రెను పట్టిన గోమారిని చూడండి. ఎనిమిది కాళ్లుంటాయి. అది పేను చుట్టం కాదు. సాలెపురుగుకు, తేలుకు చుట్టం. వాటికీ ఎనిమిది కాళ్లే. జెర్రి కాళ్లు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. దాని గుంపు వేరు.

పొలుసుల మాట వచ్చింది కాబట్టి ఒక వింత. ఇంట్లో కోడి కాళ్లు చూడండి. పొలుసులుంటాయి. మొసలి ఒంటి మీద కూడా పొలుసులే. మొసలిని చూస్తే పెద్ద బల్లిలా ఉంటుంది. కానీ మొసలి గుండెలో కోడి గుండెలాగే నాలుగు అరలున్నాయి. బల్లి గుండెలో మూడే. మొసలికి బల్లి కన్నా కోడే దగ్గరి చుట్టం. ఇప్పుడు శాస్త్రజ్ఞులు జీవి ఒంట్లోని డిఎన్ఎను కూడా పరీక్షిస్తున్నారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే పదార్థం అది. ఆ పరీక్ష కూడా మొసలికి కోడే దగ్గర అని చెప్పింది.

ఇక పాముల సంగతి. మన జనం చాలా వాటిని పాము అనే పిలుస్తారు. పేరు ఒకటి, గుంపు ఒకటి.

వానపాము పాము కాదు. దానికి ఎముక అనేదే లేదు. కళ్లు లేవు. ఒళ్లంతా ఉంగరాలు పేర్చినట్టు ఉంటుంది. పాముకు తల నుంచి తోక దాకా వెన్నెముక ఉంటుంది. వానపాములాగే సన్నగా, నల్లగా మట్టిలో తిరిగే గుడ్డిపాము ఒకటుంది. చాలామంది దాన్ని వానపాము అనుకుంటారు. అదేమో నిజంగా పామే. ఉంగరాలు ఉండవు, నున్నటి సన్న పొలుసులుంటాయి. చుక్కంత కళ్లుంటాయి. విషం లేదు.

నలికిరిని చూసి ఆడవాళ్లు కేకలు పెడతారు. కొన్ని ఊళ్లలో దాన్ని నలికీసు పాము అంటారు. కరిస్తే చస్తారని భయం. దానికి నాలుగు కాళ్లున్నాయి. కళ్లు మూసి తెరుస్తుంది. పాముకు రెప్పలు ఉండవు, ఎప్పుడూ కళ్లు తెరిచే ఉంటుంది. నలికిరి బల్లి జాతిది. విషం లేదు. పాపం, ఉత్త పుణ్యానికి దెబ్బలు తింటోంది.

రెండు తలల పాముకు తల ఒక్కటే. తోక మొద్దుగా తల లాగే ఉంటుంది, అంతే. మెత్తటి మట్టిలో ఉంటుంది, ఎలుకలను తింటుంది. విషం లేదు. ఇది ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని, గుప్తనిధి చూపిస్తుందని చెప్పి లక్షలకు అమ్మే మోసగాళ్లున్నారు. తోకను తల అని నమ్మించి డబ్బు గుంజే వ్యాపారం అది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. డబ్బు పోతుంది, జైలూ తప్పదు.

కొండచిలువ వెనక భాగంలో, తోక మొదలయ్యే చోట, అటొకటి ఇటొకటి చిన్న గోళ్లుంటాయి. అవి కాళ్ల గుర్తులు. పాముల తాత ముత్తాతలకు కాళ్లుండేవి. పాములు బల్లుల గుంపులోంచే వచ్చాయి.

మన తెలుగు గడ్డ మీద పాములను గుర్తులను బట్టి మొదట లెక్కగా రాసిన మనిషి పాట్రిక్ రస్సెల్ అనే డాక్టర్. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండేవాడు. ఏ పాము విషపుది, ఏది కాదు అని జనానికి చెప్పాలన్నది ఆయన పట్టుదల. పాములను తెప్పించి, పొలుసులు లెక్కపెట్టించి, బొమ్మలు వేయించాడు. కోళ్లను, కుక్కలను కరిపించి విషం ఎంతో చూశాడు. ఆ పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. అందులో మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఇక్కడివాళ్లు ఏ పామును ఏమంటారో ఆ తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. పసుపు పట్టీలున్న ఒక పామును 'బంగారు పాము' అని రాశాడు. 1803లో ఒక ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు ఆ జాతికంతా 'బంగారస్' అని పేరు పెట్టాడు. మన కట్లపాము ఆ జాతిదే. ఇప్పుడు ఏ దేశం డాక్టరైనా కట్లపామును మన బంగారం పేరుతోనే పిలుస్తాడు. రక్తపింజరను ఆ పుస్తకంలో 'కాటుక రేకుల పొడ' అని రాశారు. ఆ మచ్చలకు అంతకన్నా సరైన పేరు దొరకదు. ఆ పాముకు తర్వాత రస్సెల్ పేరే పెట్టారు.

శాస్త్రం పేరు ఎందుకు అంటే, ఒక ఊరి పేరు ఇంకో ఊరికి సరిపోదు. ఒకచోట పింజర అన్నదాన్ని ఇంకోచోట పొడపాము అంటారు.

మన దేశంలో ఎక్కువమంది ప్రాణాలు తీసేవి నాలుగు పాములు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర.

నాగుపాము పడగ విప్పితే ఎవరైనా గుర్తుపడతారు. పడగ విప్పకపోతే జెర్రిపోతులాగే ఉంటుంది. జెర్రిపోతు మగది, నాగు ఆడది, రెండూ జత కడతాయని కొందరు అంటారు. అది నిజం కాదు. రెండూ వేర్వేరు కుటుంబాలవి. జెర్రిపోతుల్లోనే ఆడ మగ ఉన్నాయి, నాగుపాముల్లోనే ఆడ మగ ఉన్నాయి. నాగుకు నోటి ముందు విషపు కోరలుంటాయి. జెర్రిపోతుకు విషమే లేదు. చేలో ఎలుకలను తిని పంటను కాపాడుతుంది.

కట్లపాము నల్లగా నిగనిగలాడుతుంది. ఒంటి మీద సన్నటి తెల్ల పట్టీలు, జంటలు జంటలుగా ఉంటాయి. ఆ పట్టీలు తల వైపు లేనట్టే ఉండి, తోక వైపు పోయినకొద్దీ స్పష్టంగా కనబడతాయి. వీపు నడిమి వరుస పొలుసులు పెద్దవి, ఆరు మూలలవి. విషం లేని చిన్న పాము ఒకటి అచ్చం దీనిలాగే ఉంటుంది. పళ్లను బట్టి శాస్త్రజ్ఞులు దాన్ని తోడేలు పాము అన్నారు. దాని పట్టీలు తల వైపు స్పష్టంగా ఉండి, తోక వైపు మాసిపోతాయి. చూశారా, ఒక్క గుర్తు తారుమారైతే ఎంత తేడానో!

రక్తపింజర తల మూడు మూలలుగా ఉంటుంది. వీపు మీద గొలుసులా మూడు వరుసల మచ్చలు. గట్టిగా బుసకొడుతుంది. దాని కోరలు పొడుగ్గా ఉంటాయి, నోరు మూస్తే వెనక్కి మడత పడతాయి. నాగు, కట్లపాముల కోరలు పొట్టివి, మడత పడవు. అందుకే ఆ రెండూ ఒక కుటుంబం, పింజరలు ఇంకో కుటుంబం. చిన్న పింజర జానెడు, మూరెడే ఉంటుంది. రాళ్లూ బీడూ ఉన్న చోట్ల తిరుగుతుంది. దాని పొలుసులు రంపం పళ్లలా ఉంటాయి. ఒంటిని ఒంటికి రాస్తే బరబర చప్పుడొస్తుంది. చిన్నదే గదా అని అనుకోవద్దు.

మరి కరిచినప్పుడు ఇవన్నీ చూడాలా? వద్దు. పొలుసులు లెక్కపెట్టడం శాస్త్రజ్ఞుల పని, అదీ పాము బతికి లేనప్పుడు. కట్లపాముకూ తోడేలు పాముకూ తేడాను చీకట్లో ఎవరూ చెప్పలేరు. పామును వెతకడంలో, చంపడంలో పొద్దు పోతుంది. చంపబోయిన మనిషిని కూడా కరవొచ్చు. మన దవాఖానల్లో ఇచ్చే విషానికి విరుగుడు మందు ఈ నాలుగు పాముల విషాలకూ కలిపి చేసిందే. గుర్రాలకు కొద్దికొద్దిగా ఆ విషాలు ఎక్కించి, వాటి రక్తం నుంచి ఆ మందు తీస్తారు. కాబట్టి పాము దొరకలేదని డాక్టరు చికిత్స ఆపడు.

డాక్టరు పామును కాదు, మనిషిని చూస్తాడు. కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా, ఊపిరి ఆడడం లేదా? అది నాగు, కట్లపాముల విషం చేసే పని. కరిచిన చోట వాచి, చిగుళ్ల నుంచి రక్తం కారుతోందా, మూత్రంలో రక్తం పడుతోందా? అది పింజర పని. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. కొంచెం రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే రక్తం చెడిందని అర్థం. పెద్ద యంత్రాలేవీ అక్కర లేదు.

కట్లపాము సంగతి మాత్రం వేరే చెప్పాలి. అది రాత్రిపూట, కింద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతులు, గొంతు పట్టేసినట్టు ఉండడం, రెప్పలు బరువెక్కడం. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు, లేదా ఎవరో చేతబడి చేశారనుకుంటారు. అట్లాంటి పొద్దున పాము అనే అనుమానించి దవాఖానకు పోవాలి. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపితే ఈ పాము బెడద చాలావరకు తప్పుతుంది.

కరిచిన చోట కోయొద్దు, నోటితో పీల్చొద్దు. తాడుతో బిగించి కడితే రక్తం ఆగి కాలే చెడిపోతుంది. కాలికి గానీ చేతికి గానీ కట్టెను ఆనించి, గుడ్డతో వదులుగా కట్టి కదలకుండా ఉంచాలి. గాజులు, మెట్టెలు, కడియాలు వెంటనే తీసేయాలి, వాపు వస్తే అవి కోసుకుపోతాయి. మనిషిని నడిపించొద్దు. మంత్రం వేసేవాడి దగ్గర ఆగితే ఆ గంట తిరిగి రాదు. మంత్రంతో బతికారని చెప్పుకునే వాళ్లలో చాలామందిని కరిచింది విషం లేని పామే అయి ఉంటుంది. 108కి ఫోన్ చేయాలి, లేదా దొరికిన బండి ఎక్కించి సర్కారు దవాఖానకు తీసుకుపోవాలి. ఎన్ని గంటలకు కరిచిందో గుర్తు పెట్టుకుని డాక్టరుకు చెప్పాలి.