టర్బో పెద్దదైన చాలునా?

ఇంజను విడుచు వేడి పొగతో ఒక చక్రమును త్రిప్పి, దానికి జోడించిన మరొక చక్రముచే గాలిని నొక్కి సిలిండరులోనికి పంపు సాధనమే టర్బోచార్జరు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో దీనికి పేటెంటు పొందెను. గాలి హెచ్చిన కొలది ఎక్కువ ఇంధనము మండి బలము పెరుగును.

కారు వడి పెంచగోరువారికి మూడు మార్గములు గలవు. పెద్ద టర్బో అధిక వేగమున మిక్కిలి బలమిచ్చును. కాని బరువైన చక్రము అందుకొనుటకు జాగగును. చిలకలూరిపేట నుండి ఒంగోలు పోవు 16వ జాతీయ రహదారిపై అది రాణించును. గుంటూరు మిర్చి యార్డు వద్ద లారీల నడుమ ఆగుచు సాగుచు పోవువారికి దాని బలము అక్కరకు రాదు. పాత టర్బో గుల్లలోనే కొంచెము పెద్ద చక్రములు అమర్చుట మధ్యమ మార్గము. బాల్ బేరింగుల టర్బో త్వరగా అందుకొనును. వెల మాత్రము హెచ్చు.

ఏది బిగించినను, ఇంధనపు కొలతను దానికి తగినట్లు సవరింపవలెను. నొక్కిన గాలి కాగును. మన వేసవిలో ఇంటర్‌కూలరు చాలనిచో పెట్రోలు ఇంజను పిస్టనులు చెడును. చక్రము నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగగలదు. నల్లరేగడి దుమ్ము, పత్తి నూగు పట్టిన ఫిల్టరును ఉపేక్షింపరాదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను మార్పులకు హద్దులు విధించినది. కావున బేరమునకు ముందే రవాణా కార్యాలయమున విచారించుట మేలు.