పాతబండిని బాగుచేయింతమా? అమ్మివేయుదుమా?

మన పల్లెలలో ఎడ్లబండ్లు నడచిన కాలమున ముసలియెద్దు నేమి చేయవలయునను ప్రశ్న ప్రతి కాపుటింటను ఎప్పుడో యొకప్పుడు పుట్టుచుండెడిది. పండ్లు చూచి వయస్సు చెప్పువారును, నడక చూచి బలము చెప్పువారును సంతలలో నుండెడివారు. కాని కుడితి పెట్టి మేత వేసిన ఇల్లాలికి ఆ యెద్దు సంగతి బేరగానికంటె బాగుగా తెలిసియుండెడిది. నేడు ఆ యెద్దుల స్థానమును పికప్ బండి యాక్రమించినది. ప్రశ్న మాత్రము మారలేదు. బండి ముసలిదైనది, మరల మరల సొమ్ము పోసి బాగుచేయించుటయా, వచ్చిన వెలకు అమ్మివేయుటయా?

ఇది పురుషుల వ్యవహారము, మనకేల యని సోదరీమణులు కొందఱు తలంపవచ్చును. టాటా సంస్థవారి 207 బండియు, 2005లో ఏస్ అను చిన్నబండియు వచ్చిన పిదప, మహీంద్రావారి బొలెరో పికప్ మొదలగునవి తోడై, చిన్న సరకుబండి మన జిల్లాలలో వేలకొలది కుటుంబములకు జీవనాధారమైనది. మదనపల్లె టమాటాలు, కడియపు మొక్కలు, నూజివీటి మామిడిపండ్లు, భీమవరపు చేపలు, ఇవి యన్నియు దూరప్రయాణమునకు పెద్దలారీ నెక్కుటకు ముందో, దిగిన తరువాతనో, ఇట్టి చిన్నబండి మీదనే ప్రయాణము చేయుచున్నవి. అట్టి బండి యింటిముందున్న సంసారమున బియ్యము, పిల్లల బడిజీతము, చీటీ వాయిదాలు సర్వమును దాని చక్రములమీదనే తిరుగుచుండును. అది కదలని నాడు పొయ్యిమీద నెసరు కొలిచి పెట్టవలసినది ఇల్లాలే గదా!

అంతకంటె ముఖ్యమగు విషయము మఱియొకటి కలదు. ఇంజను చెడినదన్న కబురు వచ్చిన సాయంకాలమున తఱచుగా కుదువకు పోవునవి ఇల్లాలి గాజులు, గొలుసులు. సొమ్ము ఆమెది, నిర్ణయము మాత్రము మరమ్మతు షెడ్డులో, ఇంజను విప్పి పరచిన తరువాత, మేస్త్రీ చెప్పిన రెండు మాటలపై జరుగుచున్నది. విప్పిన ఇంజను ముందు నిలుచున్న మనుష్యునకు కాదనుటకు వీలుండదు. కావున ఈ నిర్ణయము షెడ్డులో గాక ఇంటిలో, బండి చెడిన దినమున గాక నడచుచున్న దినములలో, లెక్కపుస్తకము ముందుంచుకొని చేయదగినదని మేము చెప్పదలచినాము.

పోయిన సొమ్ము

"నిరుడే గేరుపెట్టెకు నలువదివేలు పోసితిమి, ఇప్పు డెట్లు అమ్ముదుము?" అను మాట ప్రతి యింటను వినవచ్చును. ఇది లెక్క కాదు, బెంగ. నిరుడు పోసిన సొమ్ము బండి నుంచుకొన్నను తిరిగిరాదు, అమ్మినను తిరిగిరాదు. ఆ గేరుపెట్టె యిపుడు బాగుగా నున్నదా, ముందింక ఎంతకాలము పనిచేయును అన్నంతవఱకే దాని ప్రసక్తి. ఇకమీద ఏడాదిలో ఈ బండి మననుండి యెంత తీసికొనును, మన కెంత ఇచ్చును అని చూడవలయును. గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదని పెద్దలందురు. బండి కదలకున్నను పన్ను, బీమా, డ్రైవరుంచుకొన్నచో వాని జీతము తప్పవు.

అరుగు భాగములు, ఆయువు భాగములు

మరమ్మతు లన్నియు నొకటి కావు. టైర్లు, బ్రేకు లైనింగులు, క్లచ్ పలక, బ్యాటరీ, ఫిల్టర్లు, ఇవి మనుష్యునకు చెప్పులవంటివి. అరుగుట వాని ధర్మము. కొత్తబండికైనను కొన్నాళ్లకు వీనిని మార్పక తప్పదు. వీని ఖర్చు చూచి బండి ముసలిదైనదని బెదరరాదు.

ఇంజను సంగతి వేఱు. గొట్టమునుండి నీలిపొగ వచ్చుచు, ఇంజనులోని నూనె నానాటికి తగ్గిపోవుచున్నచో లోపలి రింగులో, సిలిండర్లో అరిగినవనుకొనవలయును. ఇంజను నడచుచుండగా నూనె పోయు మూత తీసినపుడు గుప్పుగుప్పున ఆవిరి కొట్టుటయు నా గుర్తే. నల్లపొగ మాత్రమే యైనచో వెఱవ నక్కఱలేదు. గాలి ఫిల్టరు మూసుకొనిపోవుటయో, డీజిలు చిమ్ము నాజిలు చెడుటయో కావచ్చును, అది తక్కువ ఖర్చుతో పోవును. తెల్లపొగ విడువక వచ్చుచు, రేడియేటరులో దినదినము నీరు తఱుగుచున్నచో హెడ్ గ్యాస్కెట్ చెడినదేమో చూపవలయును. ప్రతి యుదయమును చెంబుతో నీరందించు ఇల్లాలికి ఈ సంగతి అందఱికంటె ముందే తెలియును.

ఇంజను బోరుకు వచ్చినంతమాత్రమున బండి యాయువు తీఱినట్లు కాదు. సిలిండర్లు చక్కగా బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించిన యింజను, పని నేర్పుగల మేస్త్రీ చేతిదైనచో, మఱికొన్ని యేండ్లు నమ్మకముగా నడచును. కాని ఛాసీ బండికి వెన్నెముక. అది త్రుప్పుపట్టి పొరలు లేచినను, బీటవారినను, వెల్డింగు చేయించి మోయింపవలెననుట ప్రమాదము. ఒకచోట నతికిన బీట ప్రక్కనే మరల పుట్టుట కలదు. చేపలు, రొయ్యలు మోసిన బండ్లలో మంచుగడ్డ కరగిన ఉప్పునీరు పెట్టె యడుగున కారి ఛాసీని తినివేయును. కావున ఇంజనుకు డబ్బు పోయుటకు ముందు బండిని ఎత్తి, క్రింద దీపము పట్టి, సుత్తితో తట్టి చూపించుకొనవలయును. ఇంజను చెడి ఛాసీ గట్టిగనున్న బండిని బాగుచేయింపవచ్చును. ఛాసీ చెడిన బండికి కొత్త ఇంజనైనను పెట్టరాదు.

నిలిచిన దినముల లెక్క

మేస్త్రీ చీటీలోని మొత్తము అందఱికిని కనబడును. బండి నిలిచిన దినముల నష్టము ఏ చీటీలోను కనబడదు. ఈ రెండవదే తఱచుగా సంసారమును ముంచును. ఒక లెక్క వేసి చూతము. ఇందలి యంకెలు మచ్చునకు మాత్రమే. ఎవరి యంకెలు వారు వేసికొనవలయును.

ఒక పాతబండికి ఏడాదికి మరమ్మతులు 84,000 రూపాయ లనుకొందము. డీజిలు, కూలి పోగా దినమునకు మిగులునది 1,200 రూపాయలు. ఏడాదిలో బండి నిలిచినది 40 దినములు; అనగా 48,000 రూపాయలు. రెండును కలిపిన 1,32,000. కొత్తబండి కొన్నచో నెలకు కిస్తీ 15,000 చొప్పున ఏడాదికి 1,80,000; హెచ్చగు బీమాకు, సర్వీసుకు 24,000; వెరసి 2,04,000. ఇట్టి యింట పాతబండి నుంచుకొనుటయే తెలివి. కాని యదే మరమ్మతు ఖర్చుతో బండి 100 దినములు నిలిచినచో నష్టము 1,20,000 అగును, మొత్తము 2,04,000. త్రాసు సరిసమానమైనది. ఇక మామిడి కాలములోనో, టమాటా కోతలోనో దినమునకు 2,400 రూపాయలు మిగులు రోజులలో నిలిచినచో 50 దినములకే ఆ నష్టము వచ్చును. మేస్త్రీకి ఇచ్చిన సొమ్ము మూడు లెక్కలలోను ఒక్కటే యైనను, తీర్పు మాఱినది నిలిచిన దినములచేతనే.

ఈ లెక్కకు చేర్పవలసినవి మఱి మూడు గలవు. పాతబండి హెచ్చుగా త్రాగు డీజిలు ఒకటి. మరమ్మతుకై నగలు కుదువ పెట్టినచో వాని వడ్డీ రెండవది. నిలిచిన బండి మూలమున మఱియొక బండిని పిలిచి, మరల మన గుమ్మము త్రొక్కని వర్తకుడు మూడవది. ఎదుటి ప్రక్కను చేర్పవలసినది యొకటి గలదు: కిస్తీలు తీఱిన తరువాత కొత్తబండికి వెల మిగిలియుండును, అది మన సొత్తు.

ఇందుకు పెద్దచదువు అక్కఱలేదు. గోడకు వ్రేలాడు పంచాంగపు క్యాలెండరులో బండి నిలిచిన దినమున ఎఱ్ఱసున్న చుట్టి, ప్రక్కన ఖర్చు వ్రాసిన చాలును. ఏడాది తిరుగుసరికి ఆ క్యాలెండరే సాక్ష్యము చెప్పును.

కొత్తదాని నునుపు

దూరపు కొండలు నునుపు. షోరూములోని కొత్తబండి మెఱుగు చూచినపుడు పాతబండి చేసిన సేవ మఱపునకు వచ్చును. పాతబండి చెడిన నెలలో ఖర్చు నాపుకొని యొక వారము తాళవచ్చును. కిస్తీ మాత్రము వాన వచ్చినను, ధర పడినను, మనిషి మంచమెక్కినను ఆగదు. బేరములు తక్కువగనున్న నెలలో కూడ కిస్తీ చెల్లింపగల శక్తి యున్నదా యని చూచుకొని గాని సంతకము చేయరాదు. అది తెలిసికొనుటకు సులువైన యుపాయ మొకటి కలదు. కొనుటకు ముందు ఆరు నెలలు కిస్తీ యంత సొమ్మును నెలనెలా బ్యాంకులో వేసి చూడవలయును. వేయగలిగినచో ధైర్యమును, చేతిలో కొంత మొదటి సొమ్మును రెండును సమకూరును. వేయలేకపోయినచో అప్పు కాకమునుపే సంగతి తెలియును.

కొంత వయస్సు చెల్లిన మఱియొక బండిని కొనుట మధ్యమార్గము. కాని 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నియమము వచ్చిన పిదప అమ్మిన బండ్లలో పొగను శుద్ధిచేయు సాధనములు, విద్యుత్ పరికరములు హెచ్చు. వానిని ప్రతి రోడ్డుప్రక్క మేస్త్రీయు బాగుచేయలేడు. మన యూరికి దగ్గఱలో వానిని చూడగలవా రున్నారా యని విచారించుకొనవలయును. పాతరకపు బండ్లకు విజయవాడ ఆటోనగరువంటి చోట్ల విడిభాగములు, చేయిదిరిగిన పనివారు దొరకుట యొక యనుకూలము.

వయస్సును గూర్చిన వదంతులు

పదునైదేండ్లు నిండిన బండి తుక్కుక్రిందనే పోవలెనని బేరగాండ్రు భయపెట్టి తక్కువ వెలకు కొనుచుందురు. 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన విధానమున సొంతదారుల బండి తుక్కుకు పోవలసినది వయస్సుచేత గాదు, పరీక్షలో నోడుటచేత. సరకుబండికి మొదటి 8 ఏండ్లవఱకు రెండేండ్ల కొకసారియు, పిదప ఏటేటను ఫిట్‌నెస్ ధ్రువపత్రము పొందవలయును. ఐతే 15 ఏండ్లు దాటిన బండ్ల పరీక్షారుసుమును 2022 ఏప్రిల్ 1 నుండి పెక్కురెట్లు హెచ్చించిరి. పాతబండ్లకు హరితపన్నును గలదు. ఈ రుసుములు మాఱుచుండును గనుక పత్రము గడువు తీఱుటకు మూడు నెలలముందే రవాణా కార్యాలయమున కనుగొని లెక్కలో వేసికొనవలయును. అమ్మదలచినవారు గడువు మిగిలియుండగనే అమ్ముట మేలు. గడువు తీఱిన బండికి వెల పడిపోవును.

బండి నిజముగా తుక్కే యైనచో ప్రభుత్వానుమతిగల తుక్కుకేంద్రమున నప్పగించి ధ్రువపత్రము పుచ్చుకొనవలయును. దానిని చూపి కొత్తబండి కొన్నచో రిజిస్ట్రేషను రుసుము మినహాయింపు లభించును. సరకుబండ్ల మోటారు పన్నులో 15 శాతమువఱకు రాష్ట్రములు తగ్గింపవచ్చునని 2021 నాటి నిబంధన.

అమ్మిన తరువాత కూడ మనదే!

ఇప్పుడు చెప్పబోవునది సోదరీమణులు ప్రత్యేకముగ గమనింపవలయును. పెక్కు బండ్లు ఇల్లాలి పేరనే రిజిస్టరై యున్నవి. అమ్మునపుడు 29, 30 నంబరు ఫారములపై ఆమెచేత ఖాళీగనే సంతకములు పెట్టించి బేరగాని చేతిలో పెట్టుట సర్వసాధారణమైనది. ఆ బండి చేతులు మాఱి మాఱి యెక్కడనో ప్రమాదము చేసినచో, కార్యాలయపు పుస్తకములలో ఎవరి పేరున్నదో వారే బాధ్యులని సర్వోన్నత న్యాయస్థానము 2018లో తీర్పు చెప్పినది. బండి కనుమఱుగైన కొన్నియేండ్లకు, బీమా లేని ప్రమాదపు నష్టపరిహారమునకై ఆమెకు నోటీసు రావచ్చును.

కావున ఖాళీ ఫారముపై సంతకము చేయరాదు. కొనువాని పేరు, చిరునామా, తేదీ వ్రాసిన తరువాతనే చేయవలయును. బండి అప్పగించిన తేదీ, గంట వ్రాసి రసీదు పుచ్చుకొనవలయును. అదే రాష్ట్రములో అమ్మినచో 14 దినములలో రవాణా కార్యాలయమునకు తెలియజేయుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము అమ్మినవారి విధి. అప్పు తీఱినను పుస్తకములో ఫైనాన్సువారి పేరు మిగిలియున్నచో ముందు దానిని తీసివేయించుకొనవలయును. ఫాస్టాగ్ రద్దుచేయించి, చలానులు చెల్లించి, బీమాను కొనువాని పేర మార్పించి, పేరు మాఱినట్లు కంట చూచువఱకు బండి మన యింటనే యున్నదని యెంచుకొనుట క్షేమము.

తుదకు చెప్పవలసినది స్వల్పము. బండిపై మమత యుండుట తప్పు గాదు. అది పిల్లల చదువులు మోసినది, పెండ్లి సామాను మోసినది. ఐనను మమతకు చెల్లింపదగినది కృతజ్ఞతయే గాని గాజులజత గాదు. ఛాసీ గట్టిగనుండి, నిలిచిన దినములు తక్కువగనుండి, బాగుచేసిన యింజను రెండుమూడేండ్లు నడచునను నమ్మకమున్నచో ధైర్యముగ బాగుచేయింపుడు. వెన్నెముక చెడినను, ఎఱ్ఱసున్నలు పంట కాలమును మ్రింగుచున్నను, కాగితములు సరిచూచుకొని నిశ్చింతగ అమ్మివేయుడు. ఏది చేసినను ఆ మాట భార్యాభర్త లిరువురు లెక్కపుస్తకము ముందు కూర్చుండి అనుకొన్న మాట కావలయును. మోయునది బండియే యైనను, సంసారపు బరువు మోయువా రిద్దఱు గదా!