మండువా ఉన్న బండి

ఆషాఢంలో మొదటి గట్టి వాన పడిన మర్నాడు కారు తలుపు తీసి ఎడమ సీటు ముందు చెయ్యి పెడితే మ్యాటు చల్లగా తగిలింది. ఎత్తి చూస్తే కింద కార్పెట్ నీళ్లు తాగి బరువెక్కి ఉంది. వేలితో నొక్కితే నీళ్లు ఊరుతున్నాయి. అద్దాలన్నీ ఎక్కించే ఉన్నాయి, తలుపులన్నీ వేసే ఉన్నాయి. రెండుసార్లు వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. మొదటిసారి తలుపు చుట్టూ సిలికాన్ పూసి పంపారు. రెండోసారి ముందు అద్దం అంచుల వెంట పూశారు. మూడో వానకు మళ్లీ తడిసింది. ఈసారి మగ్గిన వాసన కూడా తోడైంది. వాయిదాలు కట్టి కొనుక్కున్న బండిలో పిల్లల్ని కూర్చోబెట్టడానికి మనసొప్పని రోజులవి.

చివరికి మా వీధి చివర షెడ్డులో పనిచేసే పెద్దాయన బానెట్ ఎత్తాడు. వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ విప్పి, లోపల చెయ్యి పెట్టి, రెండు గుప్పిళ్ల వేపాకు బయటకు తీశాడు. కుళ్లి మట్టిలా అయిపోయిన ఆకు.

"తూము పూడిపోయింది బాబూ. నీళ్లు ఎటు పోతాయి మరి?" అన్నాడు.

కారుకు తూములుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. వాటి సంగతేమిటో తెలుసుకుందామని మొదలుపెడితే, అది నూటపాతికేళ్లు దాటిన కథ అని తేలింది.

కప్పు లేని రోజులు

1886 జనవరి 29న కార్ల్ బెంజ్ పేటెంటు కోరిన మూడు చక్రాల బండికి కప్పు లేదు, తలుపులు లేవు, ముందు అద్దమూ లేదు. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు వంద కిలోమీటర్లు వెళ్లింది కూడా అలాంటి బండి మీదే. వాన వస్తే తడవడమే. తర్వాత గుర్రపుబగ్గీల నుంచి మడిచే టాపులు అరువు తెచ్చుకున్నారు. ముందు అద్దం వచ్చాక కొత్త ఇబ్బంది మొదలైంది: అద్దం మీద వాన పడితే దారి కనిపించదు. 1902-03 చలికాలంలో అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ న్యూయార్కులో ట్రామ్ ఎక్కింది. మంచు పడుతుంటే దారి కనబడక డ్రైవరు పడే అవస్థ చూసింది. లోపలి నుంచి మీటతో తిప్పే రబ్బరు పట్టీ వైపర్‌ను ఊహించి, 1903 నవంబరు 10న పేటెంటు పొందింది. ఆ పేటెంటు మీద ఆమెకు డబ్బు రాలేదు. ఆమె ఆలోచన మాత్రం ఇవాళ ప్రతి కారు ముందు అద్దం మీదా ఊగుతోంది.

1919లో అమెరికాలో అమ్ముడైన కార్లలో పూర్తిగా మూసి ఉన్నవి పదింట ఒకటే. 1922 మోడల్‌గా వచ్చిన ఎసెక్స్ కోచ్ లాంటివి ధర తగ్గించి మూసిన బండిని మధ్యతరగతి ఇంటికి చేర్చాయి. 1927 నాటికి నూటికి ఎనభైకి పైగా కార్లు మూసినవే. ఎనిమిదేళ్లలో కారు బండి దశ దాటి గది అయింది. గది అయ్యాక, ఇంటి కప్పు కారినట్టే కారు కప్పూ కారడం మొదలైంది.

ఎందుకంటే అప్పటి కారు పైకప్పు మధ్య భాగం ఇనుప రేకు కాదు. అంత వెడల్పు రేకును ఒకే దెబ్బకు అచ్చు కొట్టే ప్రెస్సులు లేవు. చెక్క బద్దల మీద తీగజాలీ, దాని మీద దూది, ఆపైన నీరు పట్టని గుడ్డ పరిచేవారు. గుడ్డ ఎండకు పగిలేది, చెక్క నీటికి కుళ్లేది. 1935 మోడళ్లకు జనరల్ మోటార్స్ 'టరెట్ టాప్' పేరుతో ఒకే ముక్క ఉక్కు కప్పు తెచ్చింది. కప్పు బాధ తీరింది. కానీ తలుపు తెరవాలి కదా, అద్దం దిగాలి కదా. కదిలే చోటల్లా సందు ఉంటుంది. ఆ సందుల కాపలా రబ్బరుకు అప్పగించారు.

గంధకం కట్టిన వంతెనలు

మన మెకానిక్కులు 'బీడింగ్' అనే తలుపు రబ్బరు వెనక చార్లెస్ గుడ్‌ఇయర్ జీవితమంతా ఉంది. చెట్టుపాలతో చేసిన పచ్చి రబ్బరు వేసవిలో జిగురై అంటుకునేది, చలిలో బిగుసుకుని పగిలేది. దాన్ని బాగుచేయాలన్న పట్టుదలతో ఆయన అప్పులపాలై పలుమార్లు జైలుకు వెళ్లాడు. 1839లో గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలింది. కరగలేదు, తోలులా గట్టిపడింది. 1844లో అమెరికాలో పేటెంటు వచ్చింది. 1860లో ఆయన పోయేనాటికి కూడా అప్పులే మిగిలాయి. 1898లో పుట్టిన టైర్ల కంపెనీ ఆయన పేరు గౌరవంగా పెట్టుకుంది తప్ప, ఆయనకూ కుటుంబానికీ దానితో సంబంధం లేదు.

జరిగింది ఇదీ: రబ్బరు అంటే పొడవాటి అణుగొలుసుల చిక్కు. పచ్చి రబ్బరులో ఆ గొలుసులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. వేడిలో గంధకం వాటి మధ్య అక్కడక్కడ వంతెనలు కడుతుంది. అందుకే సాగదీస్తే సాగి, వదిలితే మళ్లీ తన చోటికి వస్తుంది. బీడింగ్ చేసే పనంతా ఈ 'మళ్లీ రావడం' మీదే ఆధారపడి ఉంది. తలుపు వేస్తే నలగాలి, నలిగినా ఎదురు నెట్టాలి. ఆ ఎదురు నెట్టడమే నీటిని ఆపుతుంది.

సహజ రబ్బరుకు ఇంకో శత్రువు ఉంది: గాలిలో అతి తక్కువ మోతాదులో ఉండే ఓజోన్. గొలుసు వెన్నులో ఉండే జంటబంధాలను అది తెంచేస్తుంది. పాత కార్ల రబ్బరు మీద కనిపించే సన్నని అడ్డబీటలు చాలావరకు దాని గుర్తులే. 1960ల నుంచి ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు వాడుకలోకి వచ్చింది. ఇథిలీన్, ప్రొపిలీన్‌లతో అల్లిన దాని వెన్నులో ఆ జంటబంధాలు లేవు, కాబట్టి ఓజోన్‌కు పట్టు దొరకదు. ఇవాళ తలుపుల చుట్టూ కనిపించే మెత్తటి గొట్టం లాంటి బీడింగ్ ఎక్కువగా దీనిదే. తీసి జాగ్రత్తగా చూడండి. గొట్టానికి అక్కడక్కడ చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి చిరుగులు కావు. తలుపు వేసినప్పుడు గొట్టంలోని గాలి బయటకు పోయి రబ్బరు సులువుగా నలగడానికి పెట్టినవి.

ఎంత మంచి రబ్బరైనా ఏళ్ల తరబడి నలిగి నలిగి ఒకనాటికి అలాగే ఉండిపోతుంది, ఎదురు నెట్టడం మానేస్తుంది. మన ఎండల్లో రోజంతా ఆరుబయట నిలిపే బండికి ఆ రోజు ఇంకా ముందే వస్తుంది.

పెంకులు తిరగేసి పరిచినట్టు

1959 ఆగస్టు 26న బ్రిటన్‌లో మినీ కారు విడుదలైంది. అలెక్ ఇసిగోనిస్ దాన్ని పది అడుగుల పొడవులో గీశాడు. ఇంజన్ను అడ్డంగా తిప్పి పెట్టి, నలుగురికి చోటు మిగిల్చాడు. ఇంజనీరింగ్ చరిత్రలో గొప్ప పనుల్లో అదొకటి. అయితే కొన్నవాళ్ల కాళ్ల కింద నీళ్లు చేరాయి, కార్పెట్లు నానిపోయాయి.

తప్పు నేల రేకుల అతుకులో ఉంది. మన పెంకుటిల్లు కప్పే మనిషి కింది వరుస ముందు పరిచి, పై వరుస దాని మీదికి వచ్చేలా వేస్తాడు. నీరు జారి వెళ్లిపోవాలే తప్ప సందులోకి ఎదురెక్కకూడదు. మినీ అడుగున రేకులు ఒకదాని మీద ఒకటి వచ్చిన తీరు ఇందుకు తలకిందులు. అతుకు నోరు ముందుకు తెరుచుకుని, ముందు చక్రాలు చిమ్మే నీటిని పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆ ఏడాది వేసవిలో అక్కడ వానలు తక్కువ. పరీక్షల్లో కనబడని లోపం వానలు మొదలయ్యాక జనం ఇళ్ల దగ్గర బయటపడింది. రేకు అతుకు దిశ మార్చాక గానీ చిక్కు తీరలేదు. ఎన్ని పూతలు పూసినా, నీటికి ఎదురుగా నోరు తెరిచిన సందు ఎక్కడో ఒకచోట ఓడిపోతుంది.

ఆపడం కాదు, సాగనంపడం

ఇంజనీర్లు నేర్చుకున్న అసలు పాఠం ఇదే. మండువా లోగిలి గుర్తు తెచ్చుకోండి. నడిమధ్య కప్పు లేదు, వాన నేరుగా ఇంట్లోనే పడుతుంది. అయినా ఇల్లు తడవదు. కింద పల్లంగా కట్టిన చోటు ఉంది, అక్కడి నుంచి వీధిలోకి తూము ఉంది. నీటిని రానిచ్చి, చోటు చూపించి, సాగనంపిన ఇల్లు అది. కారు కూడా సరిగ్గా అలాగే కట్టి ఉంటుంది.

తలుపు సంగతే చూడండి. అద్దం దిగే సందు దగ్గర రబ్బరు పెదవి ఉంటుంది గానీ, వాన నీళ్లు దాన్ని దాటి తలుపు పొట్టలోకి వెళ్తూనే ఉంటాయి. అది లోపం కాదు, ముందే అనుకున్న దారి. నీళ్లు తలుపు అడుగున ఉన్న రంధ్రాల గుండా రోడ్డు మీదికి కారిపోవాలి. ఆ నీళ్లు మన వైపు రాకుండా లోపలి ప్యానెల్ వెనక పలచని షీటు అతికిస్తారు. స్పీకరు మార్చినప్పుడో, పవర్ విండో మోటారు బాగుచేసినప్పుడో ఆ షీటు చింపి మళ్లీ అతికించకపోతే, తర్వాతి వానకు కార్పెట్ తడుస్తుంది. తలుపు అడుగు రంధ్రాలు మట్టితో పూడితే, తలుపు తీసినప్పుడు లోపల బిందెలో నీళ్లలా గలగలమంటుంది.

సన్‌రూఫ్ అచ్చంగా మండువాయే. దాని రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు. చుట్టూ చిన్న కాలువ ఉంటుంది. సాధారణంగా నాలుగు మూలల నుంచీ సన్నని గొట్టాలు స్తంభాల లోపలి నుంచి కిందికి దిగుతాయి. దుమ్ము చేరి ఆ గొట్టం మూసుకుంటే కాలువ నిండి, పైకప్పు గుడ్డ మీద మరక తేలుతుంది.

ఇక వైపర్ల కింది జాలీ. కారు వేగంగా వెళ్తున్నప్పుడు ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి పెరుగుతుంది. లోపలికి తాజా గాలి పీల్చుకోవడానికి అనువైన చోటు అదే. కానీ అద్దం మీద పడిన వాన జారి చేరేదీ అక్కడికే. గాలి లోపలికి, నీరు పక్కలకు పోయేలా అక్కడ తొట్టి, తూములు పెడతారు. చెట్టు కింద నిలిపిన బండిలో ఆకులు తూమును మూసేస్తే తొట్టి నిండి, బ్లోయర్ గుండా ముందు సీటు కాళ్ల దగ్గరికి దిగుతుంది. నాకు జరిగింది అదే. వర్క్‌షాపులో పూసిన సిలికాన్ ఎవరి తప్పునూ సరిదిద్దలేదు, ఎందుకంటే అక్కడ చిల్లే లేదు.

మరి సందులన్నీ ఒక్కసారిగా మూసేస్తే? కారు ఊపిరాడక ఇబ్బంది పడుతుంది. మనుషుల శ్వాసలోని తేమతో అద్దాలు మసకబారతాయి, తలుపు వేయబోతే లోపలి గాలి ఎదురు తంతుంది. 1964లో ఫోర్డ్ కోర్టినా 'ఏరోఫ్లో' పేరుతో ముందు నుంచి గాలి తీసుకుని వెనక నుంచి వదిలే పద్ధతిని మామూలు కార్లకు తెచ్చింది. ఇప్పటి చాలా కార్లలో వెనక బంపర్ చాటున రబ్బరు రెప్పలున్న గవాక్షం ఉంటుంది. ఆ రెప్ప వంగినా, దాని అంచు వదులైనా డిక్కీలో నీళ్లు చేరతాయి.

కొన్నవాళ్లు చేయగలిగింది

ముందుగా నీరు ఏదో తేల్చుకోవాలి. వాన లేని రోజున ఏసీ వేసుకుని తిరిగాక ఎడమ సీటు ముందు తడిస్తే, అది ఏసీ నీరు. చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ చెమర్చి గొట్టం ద్వారా కారు కింద పడాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఆ చుక్కలు రోడ్డు మీద చిన్న మడుగు కడతాయి. మడుగు కనబడకపోతే గొట్టం పూడిందని అనుమానించాలి. తడి జిగటగా ఉండి తియ్యటి వాసన వస్తే అది కూలెంట్, ఇంజన్ చల్లబరిచే ద్రవం. దాన్ని వెంటనే చూపించాలి.

వాన నీరే అయితే తడిసిన చోటే చిల్లు ఉందని నమ్మకూడదు. నీరు రేకు వెంట, వైర్ల వెంట మూరల దూరం పాకి పల్లానికి చేరుతుంది. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట గొట్టంతో ఒత్తిడి లేకుండా నీళ్లు వదలాలి. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కో చోటా కొన్ని నిమిషాలు ఆగుతూ పైకి రావాలి. మొదటే పైన పోస్తే నీళ్లన్నీ కిందికి జారి ఏ సందు నుంచి వచ్చాయో తెలియదు. బీడింగ్ పట్టు చూడాలంటే తలుపు సందులో కాగితం పెట్టి వేసి, లాగి చూడాలి. ఎదురు లేకుండా జారి వచ్చిన చోట రబ్బరు అలసిపోయింది.

కార్పెట్ పైన ఆరిందని వదిలేయకండి. దాని కింద మందపాటి ఫోమ్ ఉంటుంది. నీళ్లు దాగేది అందులో. మగ్గిన వాసన అక్కడ పెరిగే బూజుదే. చాలా బండ్లలో ఆ నేల వెంటే వైర్ల కట్టలు, కనెక్టర్లు వెళ్తాయి. ఇవాళ తడిసిన కనెక్టర్ ఆరు నెలలకు చిలుము పట్టి, అంతుచిక్కని కరెంటు రోగమై తిరిగివస్తుంది. అందుకే సీటు విప్పి, కార్పెట్ లేపి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాల్సిందే.

మా పెద్దాయన ఆ వేళ ఆకు తీశాక ఒక చెంబు నీళ్లు తెచ్చి ఆ తొట్టిలో పోశాడు. ముందు చక్రం వెనక నుంచి నీళ్లు ధారగా నేల మీద పడ్డాయి. కార్పెట్ వైపు ఒక్క చుక్క రాలేదు. అప్పటి నుంచి మృగశిర కార్తె ముందు ఇంటి చూరు మీద ఆకులు ఊడ్చే రోజే కారు జాలీ కూడా విప్పుతున్నాను. ఆకు ఏరేసి, చెంబుడు నీళ్లు పోసి, చక్రం వెనక ధార పడేదాకా అక్కడే నిలబడతాను.