శునక వియోగం – ధర్మరాజు పలికిన సమాధానం



ప్రవచనం ముగిసి, తీర్థప్రసాదాలు స్వీకరించి అందరూ వెడలిన పిమ్మట, ఒకరిద్దరు వెనుక నిలిచి మెల్లగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. “మా ఇంటి కుక్క పోయి నెల గడిచిందండీ. అన్నం సహించడం లేదు. ఇంతటి దుఃఖం తగునా? ఇది మోహం కాదా?” అన్నది అట్టి ప్రశ్నలలో ఒకటి. అడిగేవారి కంఠంలో దుఃఖంతోపాటు సిగ్గు కూడా వినవస్తుంది. బంధువు పోతే పది రోజులు పరామర్శకు వచ్చే లోకం, కుక్క పోతే “ఇంకొకటి తెచ్చుకోరాదా” అని ఊరుకుంటుంది. ఆ మాట అన్నవారు చెడ్డవారు కారు; వారి ఇంట కుక్క లేదు, అంతే.

ఈ దుఃఖానికి కారణం స్పష్టమే. శునకం ఆయుర్దాయం సామాన్యంగా 10 నుండి 13 ఏండ్లు. పిల్లవాడు బడిలో చేరిన ఏట వచ్చిన కుక్కపిల్ల, అతడు కళాశాల మెట్లెక్కే నాటికి ముసలిదవుతుంది. తెల్లవారుజామున తలుపు తీయడం మొదలుకొని రాత్రి గేటుకు తాళం వేయడం వరకు ఇంటిలోని ప్రతి వేళకూ దానికొక స్థానం ఉంటుంది. అది పోయిన తరువాత ఆ వేళలన్నీ ఖాళీగా మిగులుతాయి. పిల్లలు దూరదేశాలకు వెళ్ళగా ఇంట ఇద్దరే మిగిలిన దంపతులను ఈ వెలితి మిక్కిలి కుంగదీస్తుంది.

ఇట్టివారికి కొందరు వెంటనే జడభరతుని కథ చెబుతారు. మా అభిప్రాయంలో అది తొందరపాటు. భాగవతం పంచమ స్కంధాన్ని శ్రద్ధగా చూడండి. సింహగర్జనకు బెదరి ఏరు దాటబోయిన నిండుచూలాలైన లేడి గర్భం జారి, పిల్ల నీట పడింది. తల్లి ప్రాణాలు విడిచింది. భరతుడు ఆ పిల్లను కాపాడాడు. కాపాడడం దోషమని భాగవతం అనలేదు. దాని ధ్యాసలో పడి నిత్యానుష్ఠానాన్ని ఒక్కొక్కటిగా జారవిడవడమే, కడపటి ఘడియలో దానినే తలచుకోవడమే అతనిని మృగజన్మకు చేర్చింది. అంతేకాదు, ఆ కథలో లేడిపిల్ల బ్రతికే ఉన్నది, మరణించినవాడు భరతుడు. పెంచిన జీవి పోయిందని కన్నీరు పెట్టుకొనే ఇల్లాలికి ఇది సమాధానం ఎట్లా అవుతుంది?

సమాధానం మహాభారతంలో పదునేడవదైన మహాప్రస్థానిక పర్వంలో ఉన్నది. పాండవులు ద్రౌపదితో కూడి హస్తినాపురం విడిచినప్పుడు ఒక కుక్క వారిని వెంబడించింది. దారిలో ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా నేలకూలారు. ధర్మరాజు వెనుదిరిగి చూడక నడిచాడు. కడకు ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమనగా, ఈ కుక్కను విడిచి రానన్నాడు. కుక్కలు గలవారికి స్వర్గంలో చోటు లేదని ఇంద్రుడు చెప్పినా లొంగలేదు. శరణు జొచ్చినవానిని భయపెట్టడం, స్త్రీవధ, బ్రాహ్మణుని సొమ్ము హరించడం, మిత్రద్రోహం – ఈ నాలుగూ ఎంతటి పాపాలో, తనను నమ్మినదానిని విడవడం అంతటి పాపమన్నాడు. ఆ కుక్క యమధర్మరాజే అన్నది అందరెరిగినదే.

అయితే ఇంద్రుడు నడుమ వేసిన ప్రశ్నను చాలామంది గమనించరు. తమ్ములను, భార్యను విడిచి వచ్చినవాడవు, ఈ కుక్కను విడువలేవా అని ఆయన నిలదీశాడు. అందుకు ధర్మరాజు బదులు ఇది: మరణించినవారితో పొత్తు లేదు, పగ లేదు, వారిని మరల బ్రతికించడం తన వశం కాదు, కనుక విడిచాడు. బ్రతికి ఉండగా మాత్రం వారిని విడువలేదు.

కుక్కను పోగొట్టుకొన్నవారు ఈ మాటను పదేపదే తలచుకోవాలి. దుఃఖం కంటె లోతుగా వారిని కోసేది “నేను సరిగా చూడలేదేమో” అన్న శంక. మూత్రపిండాలు చెడి, లేవలేక మూలిగే శునకానికి పశువైద్యుని సలహాపై సూది వేయించినవారు “నా చేతులతో నేనే చంపుకొన్నాను” అని కుమిలిపోతారు. ఆ సూదితో ముందు స్పృహ పోతుంది. పిదప శ్వాస, గుండె ఆగుతాయి. ఈ విషయమై పెద్దలలో భిన్నాభిప్రాయాలు ఉన్నవి. ఆ చర్చ వేరు. కాని ఆ ఘడియలో దాని తలపై చేయి వేసి కూర్చున్నవారు దానిని విడిచినవారు కారు. ముసలిదైనదని, జబ్బుపడినదని కారులో తీసుకొనిపోయి ఊరి వెలుపల వదలి వచ్చేవారున్నారు. ధర్మరాజు చెప్పిన త్యాగదోషం వారిది.

ఇక మైల సంగతి. మైల జ్ఞాతిత్వాన్ని బట్టి వచ్చేది. కుక్క పోతే లేదు. స్నానం చేసి దీపం పెట్టుకోవచ్చును, గుడికి రావచ్చును. అట్లని శాస్త్రం శునకాన్ని మరువలేదు. పంచమహాయజ్ఞాలలోని భూతయజ్ఞంలో, వైశ్వదేవం పిమ్మట శునకాలకు, పక్షులకు, క్రిములకు నేలపై అన్నం ఉంచమన్నారు. తర్పణంలో బ్రహ్మ మొదలు గడ్డిపోచ వరకు సమస్తానికీ నీరు విడుస్తాము. పోయిన శునకాన్ని అక్కడ తలచుకోవడానికి అభ్యంతరమేమున్నది? పూడ్చదలచినవారు బావికి, బోరుకు దూరంగా మూడు నాలుగడుగుల లోతున గొయ్యి తీయాలి. అది పిచ్చి లక్షణాలతో పోయి ఉంటే వట్టి చేతులతో తాకరాదు; దాని చొంగ గాయానికి తగిలినవారు, కాటు తిన్నవారు సబ్బుతో 15 నిమిషాలు కడుగుకొని, నాడే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టించుకోవాలి.

పసివారికి “ఎక్కడికో పారిపోయింది” అని చెప్పకండి. వారు దినమూ గేటువద్ద నిలిచి ఎదురుచూస్తారు. చనిపోయిందనే చెప్పి, గుప్పెడు మన్ను, నాలుగు పూలు వారిచేత కూడా వేయించండి.

తిరువణ్ణామలైలోని రమణాశ్రమానికి వెళ్ళినవారు అక్కడ ఆవు లక్ష్మి, లేడి వల్లి, ఒక కాకి, జాకీ అనే కుక్క – వీటి సమాధులు చూసి ఉంటారు. రమణ మహర్షి జంతువులను “అది” అనేవారు కారు; మనుష్యులను అన్నట్లే “అతడు”, “ఆమె” అనేవారు. 1948 జూన్ 18న లక్ష్మి కన్నుమూసిన నాడు ఆయన ప్రక్కన కూర్చుండి, 1922లో తమ తల్లి అంత్యసమయంలో చేసినట్లే, దానిపై చేతులుంచారు. ఆశ్రమంలో నివసించిన మన తెలుగు ఆడపడుచు సూరి నాగమ్మగారు ఆ దినాల వృత్తాంతాన్ని తమ లేఖలలో వ్రాసి ఉంచారు. అంతటి విరాగి ఆ మూగజీవి ప్రక్కన కూర్చుండినప్పుడు, మన కంటతడికి మనం సిగ్గుపడనక్కరలేదు.

మరొక కుక్కపిల్లను తెచ్చుకొనే విషయంలో త్వరపడవద్దు; ఇంటివారందరికీ మనసైన నాడే తెచ్చుకోండి. పాత కంచాన్ని పారవేయలేనివారు దానిని కడిగి, నీరు పోసి గేటు వెలుపల ఉంచవచ్చును. వేసవిలో వీధికుక్కలు, కాకులు వచ్చి త్రాగిపోతాయి. సాయంకాలం మరల నింపవలసి ఉంటుంది.