ఈ పఫ్‌... ప్రొటీన్‌ పఫ్‌!

బేకరీ పఫ్‌ అంటే పిల్లలకు ప్రాణం. పెద్దలకూ మనసు లాగుతుంది. కానీ పొద్దున్నే మైదా, డాల్డా కడుపులో వేసుకోవడానికి మనసొప్పదు. అదే పఫ్‌ని గోధుమపిండి, సెనగపిండి, పెరుగు, పనీర్‌, గుడ్డుతో ఇంట్లోనే చేసుకుంటే? రుచికి రుచి, బలానికి బలం!

ఉదయం ఏడున్నర. బడి బస్సు వచ్చే వేళ. ఇడ్లీ పళ్లెం ముందు పెడితే పిల్లాడు మొహం తిప్పుకొంటాడు. ‘రోజూ ఇదేనా’ అని గొణుగుతాడు. సాయంత్రం మాత్రం వీధి చివరి బేకరీలో ఎగ్‌ పఫ్‌ చేతిలో పెట్టండి... పొడి కూడా మిగల్చడు. మీ ఇంట్లోనూ ఇదే తంతా? అయితే పిల్లాణ్ని తిట్టి లాభం లేదు. వాడికి నచ్చిన రూపంలోనే మీకు కావాల్సిన పోషకాలు పెట్టొచ్చు. ఇంట్లో ఓవెన్‌ లేకపోయినా ఫర్వాలేదు. మందపాటి గిన్నె ఉంటే చాలు.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

భారతీయ వైద్య పరిశోధన మండలి సిఫారసుల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్‌ కావాలి. అంటే 60 కిలోల బరువున్న వారికి దాదాపు 50 గ్రాములు. పది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సుమారు 32 గ్రాములు.

ఇప్పుడు మన ఉదయపు పళ్లెం చూడండి. మూడు ఇడ్లీల్లో ఉండే ప్రొటీన్‌ ఐదారు గ్రాములు. 50 గ్రాముల రవ్వతో చేసిన ఉప్మాలోనూ అంతే. పెసరట్టు, గుడ్డు ఉన్న రోజుల్లో కాస్త మెరుగు. ఉదయం తక్కువైన ప్రొటీన్‌ను మధ్యాహ్నం, రాత్రి సర్దుకోవాలి. అక్కడ కంచంలో అన్నం కొండలా ఉంటుంది, పప్పు గరిటెడే పడుతుంది. ప్రొటీన్‌ ఉన్న అల్పాహారం కడుపు నిండినట్టు ఎక్కువసేపు ఉంచుతుంది. అది లేకపోతే పదకొండింటికల్లా ఆకలేసి చేయి బిస్కెట్ల డబ్బా మీదికి వెళుతుంది.

అలాగని డబ్బాల్లో దొరికే ప్రొటీన్‌ పొడుల వెంట పడక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలూ కండల కోసం ఆ పొడులు వాడొద్దనే చెప్పాయి. వంటింట్లో ఉన్న పప్పులు, పాలు, గుడ్లే చాలు.

బేకరీ పఫ్‌లో ఏముంది?

పఫ్‌ పొరలు పొరలుగా విడిపోతుందంటే అది పిండి గొప్పతనం కాదు, కొవ్వు మహిమ. సంప్రదాయ పద్ధతిలో మైదా బరువులో సగం నుంచి, మైదాతో సమానం వరకు కొవ్వు వేస్తారు. పిండి మీద కొవ్వు పరచి, మడిచి, వత్తి, మళ్లీ మడుస్తారు. చాలాచోట్ల ఆ కొవ్వు వెన్న కాదు. వనస్పతి లేదా బేకరీల కోసం తయారయ్యే మార్జరిన్‌. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్‌ 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన అమల్లో ఉంది. ఇది మంచి మార్పే. అయినా వాటిలో సంతృప్త కొవ్వు మాత్రం అలాగే ఉంటుంది.

ఇక ప్రొటీన్‌ సంగతి. ఎగ్‌ పఫ్‌లో సాధారణంగా కనిపించేది సగం గుడ్డు. దాని నుంచి వచ్చేది మూడు గ్రాములే. కూరగాయల పఫ్‌లో ఆలూ, ఉల్లి తప్ప చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

గోధుమపిండికి మారితే సరిపోతుందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. మైదా బదులు గోధుమపిండి వేస్తే ప్రొటీన్‌ పెరిగిపోతుందనుకుంటారు. నిజానికి రెండింట్లోనూ 100 గ్రాములకు పది గ్రాములకు కాస్త పైన ఉంటుంది, అంతే. తేడా పీచులో. గోధుమపిండిలో పదకొండు గ్రాముల వరకు పీచుంటే మైదాలో మూడు గ్రాములు కూడా ఉండదు. కాబట్టి గోధుమపిండి పీచు కోసం. ప్రొటీన్‌ కోసం దానికి తోడు కావాలి.

ఆ తోడు సెనగపిండి. 100 గ్రాముల్లో 20 గ్రాములకు పైగా ప్రొటీన్‌ ఉంటుంది. ఇంకో లాభమూ ఉంది. గోధుమల్లో లైసిన్‌ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో అది దండిగా ఉంటుంది. పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్‌ గోధుమల్లో దొరుకుతుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. మన అన్నం-పప్పు జోడీ వెనకున్న సూత్రమూ ఇదే.

అలాగని సెనగపిండి ఎక్కువ వేయకండి. పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్‌ అందులో ఉండదు. మొత్తం పిండిలో మూడో వంతు దాటితే వత్తుతుంటేనే విరిగిపోతుంది. పచ్చి వాసనా వస్తుంది. నాలుగో వంతు దగ్గర ఆగితే మంచిది.

గుడ్డు - పనీర్‌ పఫ్‌

కావలసినవి (8 పఫ్‌లకు)
పైపొరకు: గోధుమపిండి - 150 గ్రాములు, సెనగపిండి - 50 గ్రాములు, నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు - 150 గ్రాములు, వెన్న లేదా నూనె - 2 టేబుల్‌ స్పూన్లు, బేకింగ్‌ పౌడర్‌ - ఒకటిన్నర టీస్పూన్లు, ఉప్పు - అర టీస్పూన్‌.
లోపలికి: పనీర్‌ తురుము - 150 గ్రాములు, ఉడికించిన గుడ్లు - 2, పాలకూర తరుగు - కప్పు, ఉల్లిపాయ - 1, పచ్చిమిర్చి - 2, అల్లం తురుము - టీస్పూన్‌, పసుపు - చిటికెడు, మిరియాల పొడి - అర టీస్పూన్‌, నూనె - టీస్పూన్‌, ఉప్పు - తగినంత.
పైన పూయడానికి: పాలు - 2 టేబుల్‌ స్పూన్లు, నువ్వులు - టీస్పూన్‌.

తయారీ
ముందురోజు రాత్రే అరలీటరు పెరుగును పలుచటి బట్టలో మూటకట్టి, జల్లెడలో ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. కింద ఓ గిన్నె ఉంచడం మరవొద్దు. తెల్లారేసరికి నీరంతా దిగి పెరుగు గట్టిపడుతుంది. కిందికి దిగిన నీళ్లు పారబోయకండి. చపాతీ పిండి కలపడానికి, చారులోకి పనికొస్తాయి.

బాణలిలో నూనె వేసి ఉల్లి, మిర్చి, అల్లం వేయించండి. పాలకూర వేసి తడి పూర్తిగా ఇగిరేదాకా ఉంచాలి. పసుపు, ఉప్పు, మిరియాల పొడి, పనీర్‌ వేసి రెండు నిమిషాలు కలిపి దించండి. గుడ్లను చిన్న ముక్కలు చేసి కలపండి. ఈ కూర పూర్తిగా చల్లారాలి. వేడి మీద పెడితే పైపొర తడిసి మెత్తబడుతుంది.

పిండ్లు, ఉప్పు, బేకింగ్‌ పౌడర్‌ కలిపి జల్లించండి. వెన్న వేసి వేళ్లతో నలిపితే రవ్వలా అవుతుంది. అప్పుడు పెరుగు వేసి ముద్దలా చేయండి. పొడిగా అనిపిస్తే ఒక చెంచా పాలు చల్లండి. చపాతీ పిండిలా ఎక్కువసేపు పిసకొద్దు. పిసికేకొద్దీ పఫ్‌ గట్టిగా, రొట్టెలా తయారవుతుంది. మూతపెట్టి పది నిమిషాలు పక్కనుంచండి.

పిండిని ఎనిమిది ఉండలు చేసి, పూరీ కన్నా కాస్త మందంగా వత్తండి. ఒక సగంలో కూర పెట్టి, అంచులకు తడి రాసి, కజ్జికాయలా మడిచి ఫోర్కుతో నొక్కండి. పైన ఆవిరి పోవడానికి కత్తితో రెండు గాట్లు పెట్టి, పాలు పూసి, నువ్వులు చల్లండి. ముందే వేడిచేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్‌ దగ్గర 20 నుంచి 25 నిమిషాలు ఉంచితే బంగారు రంగు వస్తుంది.

ఒక్కో పఫ్‌లో సుమారు 9 గ్రాముల ప్రొటీన్‌ ఉంటుంది. రెండు పఫ్‌లు, ఒక పండు... పెద్దలకు ఉదయానికి చాలు. పిల్లలకైతే ఒక పఫ్‌, గ్లాసు పాలు.

ఒక మాట ముందే చెప్పాలి. బేకరీ పఫ్‌లా ఇది పొరలు పొరలుగా రాలదు. పైన కరకర, లోపల మెత్తగా ఉంటుంది. పిల్లలకు ‘బేకరీదే’ అని చెప్పి పెట్టకండి. మొదటి ముద్దకే కనిపెట్టేస్తారు. ‘మన ఇంటి పఫ్‌’ అనండి. మడతలు వేసే పని వాళ్లకే అప్పగించండి. తమ చేత్తో చేసింది వదలరు.

పనీర్‌ ధర ఎక్కువనిపిస్తే...

150 గ్రాముల పనీర్‌ బదులు 50 గ్రాముల మీల్‌మేకర్‌ వాడొచ్చు. ప్రొటీన్‌ దాదాపు సమానం, ఖర్చు చాలా తక్కువ. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, రెండుసార్లు కడిగి, గట్టిగా పిండి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. ఉల్లితో పాటు వేయించి మసాలా వేస్తే ఖీమాలా ఉంటుంది.

గుడ్డు తినని ఇళ్లకు... పెసర మఫిన్‌

కప్పు (200 గ్రాములు) పెసరపప్పును మూడు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి వేసి తక్కువ నీళ్లతో గట్టిగా రుబ్బండి. అందులో రెండు టేబుల్‌ స్పూన్ల రవ్వ, రెండు టేబుల్‌ స్పూన్ల నూనె, క్యారెట్‌ తురుము, ఉల్లి, కొత్తిమీర, జీలకర్ర, ఉప్పు కలపండి. ఓవెన్‌ వేడయ్యాక, చివర్లో అర టీస్పూన్‌ వంట సోడా, టేబుల్‌ స్పూన్‌ నిమ్మరసం వేసి ఒక్కసారి కలిపి, వెంటనే నూనె రాసిన అచ్చుల్లో ముప్పావు వంతు నింపండి. సోడా, నిమ్మరసం కలిసి పుట్టే బుడగలే దీన్ని పొంగిస్తాయి. ఆలస్యమైతే ఆ పొంగు పోతుంది. 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. 12 మఫిన్లు వస్తాయి. మూడు తింటే 12 గ్రాముల ప్రొటీన్‌. అచ్చులు లేకపోతే చిన్న స్టీలు గిన్నెలు చాలు. అల్లప్పచ్చడితో తింటే పెసరట్టు గుర్తుకొస్తుంది!

ఓవెన్‌ లేదా?

మందపాటి పాత గిన్నె లేదా బాణలి అడుగున అంగుళం మందం ఉప్పు పోసి, మధ్యలో స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడిచేయండి. పఫ్‌ల పళ్లెం స్టాండు మీద పెట్టి మూత వేసి, సన్నని మంటకు కాస్త ఎక్కువ మీద 30 నుంచి 35 నిమిషాలు ఉంచండి. కుకర్‌ వాడితే విజిల్‌, గ్యాస్కెట్‌ తప్పనిసరిగా తీసేయాలి. పైన రంగు తక్కువగా వస్తుంది. చివర్లో పెనం మీద ఒక నిమిషం తిప్పితే సరి. ఎయిర్‌ఫ్రయర్‌లో అయితే 180 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు. మామూలు మైక్రోవేవ్‌లో మాత్రం పఫ్‌ రాదు. కన్వెక్షన్‌ సదుపాయం ఉండాల్సిందే.

ఉదయం హడావుడి లేకుండా...

* పఫ్‌లను రాత్రే కాల్చి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు రోజుల్లో తినేయాలి. ఉదయం ఓవెన్‌లో లేదా మూతపెట్టిన పెనం మీద లోపలిదాకా వేడిచేస్తే కరకరలాడతాయి.
* గుడ్డు, పనీర్‌ ఉన్నవి గది వాతావరణంలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. కాబట్టి ఇవి ఇంట్లో తినడానికే. ఎండాకాలంలో మధ్యాహ్నం లంచ్‌బాక్సులో పెట్టి పంపకండి.
* బేకింగ్‌ పౌడర్‌ పాతబడితే పఫ్‌ పొంగదు. చెంచాడు పొడిని వేడినీళ్లలో వేసి చూడండి. బుసబుస పొంగితే బాగున్నట్టే.

వీరు జాగ్రత్త!

మధుమేహం ఉన్నవారు ‘గోధుమపిండే కదా’ అని నాలుగు లాగించొద్దు. గోధుమపిండిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. ఒకటి లేదా రెండుతో ఆపి, పండ్ల రసం బదులు మజ్జిగ తీసుకోండి. అధిక రక్తపోటు ఉంటే ఉప్పు తగ్గించండి. బేకింగ్‌ పౌడర్‌, సోడాల్లోనూ సోడియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎంత ప్రొటీన్‌ తీసుకోవాలో డాక్టరే చెప్పాలి. వారికి ఈ పఫ్‌లు పెట్టేముందు అడగండి. గోధుమ, గుడ్డు, పాలు, సోయా పడనివారు ఆయా పదార్థాలున్నవి మానేయాల్సిందే.

ఇడ్లీ, దోసె మానేసి రోజూ పఫ్‌లే తినమని కాదు. వారానికి రెండు రోజులు చేస్తే చాలు. మిగతా రోజుల్లో ఇడ్లీతో పాటు గిన్నెడు సాంబారు, ఉప్మాతో ఓ గుడ్డు, దోసెతో పల్లీ చట్నీ ఉండేలా చూసుకోండి. ఈ ఆదివారం ఓసారి ప్రయత్నించండి. మొదటి వాయిలో రెండు పగిలినా, ఒకటి మాడినా నిరుత్సాహపడకండి. రెండో వాయికి మీ ఓవెన్‌ మంట మీకు తెలిసిపోతుంది. సోమవారం పొద్దున్న బస్సు హారన్‌ వినపడేసరికి పళ్లెం ఖాళీ అయిందంటే... మీ కష్టం ఫలించినట్టే!