నాలుగు వందల సాక్ష్యములు చాలునా?

1889వ సంవత్సరము ఉత్తరార్ధమున లండను నగరపు లాన్సెట్ పత్రికవారు పంపగా థామస్ లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు ఓడనెక్కి హైదరాబాదు నగరమునకు వచ్చెను. ఇందులకై వేయి పౌనులు ఇచ్చెదనన్నవాడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్; ఇవ్వుడని ప్రేరేపించినవాడు రెసిడెన్సీ సర్జనై, హైదరాబాదు వైద్య పాఠశాలకు పెద్దయై యుండిన ఎడ్వర్డ్ లారీ. వివాదమంతయు క్లోరోఫారమును గూర్చినది. 1847లో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ రోగికి స్పృహ తప్పించుటకు దానిని వాడినది మొదలు శస్త్రచికిత్సకు భయపడు లోకమునకు గొప్ప ఊరట కలిగెను గాని, ఆ తీయని ఆవిరిని పీల్చుచు పీల్చుచునే కొందఱు కన్నుమూయుచుండిరి. మరుసటి యేడు జనవరిలోనే న్యూకాజిల్ సమీపమున హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనబోయి నిమిషములలో మరణించినది. ఇట్టి చావులలో ముందుగా ఆగునది గుండెయా, ఊపిరియా? గుండెయే యైనచో వైద్యుడు నాడిపై వ్రేలు తీయరాదు. ఊపిరియైనచో రొమ్ము కదలికను కనిపెట్టియున్న చాలును, నాడితో పనిలేదు.

లారీ తన గురువైన జేమ్స్ సైమ్ సంప్రదాయమునకు చెందినవాడు. ఊపిరిని చూడుము, చాలునని ఆ సంప్రదాయము. 1888లో హైదరాబాదున కూడిన మొదటి సంఘము వీధికుక్కలపై ప్రయోగములు చేసి గురువు మాటయే యథార్థమని తేల్చగా, లాన్సెట్ పెదవి విఱిచెను; అందుమీదటనే రెండవ సంఘమును, బ్రంటన్ ప్రయాణమును. బ్రంటన్ వచ్చునప్పటికి గుండెకే ప్రమాదమను పక్షమున నుండెను. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుఱ్ఱములు, వెరసి నాలుగు వందలకు పైబడిన జంతువులకు క్లోరోఫారము పట్టించి, ప్రాణము పోవువఱకు కనిపెట్టి చూచిరి. ప్రతి సారియు ఊపిరియే ముందాగెను, గుండె తరువాత ఆగెను. బ్రంటన్ తన పూర్వాభిప్రాయమును విడిచి, ఆ ఫలితమును లండనుకు తంతి ద్వారా తెలిపెను. సముద్రములు దాటి వచ్చి, కన్నులార చూచి, చిరకాలముగా నమ్మిన మాటను పదుగురి యెదుట వదలుకొన్న ఆయన నిజాయితీకి నమస్కరింపవలసినదే. అయినను ఆ తీర్మానము తప్పు.

తప్పని తేలుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టినది. 1911లో గుడ్‌మన్ లీవీ అను ఆంగ్ల వైద్యుడు పిల్లులకు క్లోరోఫారమును కొలదిగా, అనగా మత్తు పూర్తిగా ఎక్కనంత మాత్రమే యిచ్చి, ఆ స్థితిలో రవంత అడ్రినలిన్‌ను రక్తములోనికి ఎక్కించి చూపెను. గుండె కొట్టుకొనుట మాని వణకసాగెను. ఆ వణకుతోనే చావు. అడ్రినలిన్ బయటి వస్తువు కాదు. భయపడిన దేహము తనంత తానే దానిని స్రవించును. ఆసుపత్రి బల్లపై బెదరుచు, పెనగులాడుచు, సగము మత్తులో నున్న రోగి స్థితి సరిగా అదియే. హన్నా గ్రీనర్ మరణకారణమును గూర్చి వైద్యులలో నేటికిని భేదాభిప్రాయములు కలవు గాని, క్లోరోఫారపు చావులు పెక్కు తొలి నిమిషములలోనే సంభవించుచుండెనను మాట మాత్రము అప్పటికే తెలిసినదే. హైదరాబాదులోనో, మత్తును అడుగంట ముంచి, ఇంకను ఇంకను పట్టించి చంపిరి. అంత మోతాదులో ఊపిరి ముందాగుట సహజము. చూచినది నిజమే, చూడవలసిన చోటు వేఱు.

నాలుగు వందల సార్లు నిజమైనది అబద్ధమెట్లగును? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుటకు మనము లండను పోనక్కఱలేదు. పదునేడవ శతాబ్దమున అన్నంభట్టు అను తెలుగు పండితుడు బాలురకు తర్కము నేర్పుటకై తర్కసంగ్రహమను చిన్న పుస్తకమును, దానికి తానే దీపికయను వ్యాఖ్యను రచించెను. నేటికిని సంస్కృత పాఠశాలలలో తర్కమునకు అక్షరాభ్యాసము దానితోనే. కాశికి పోయినంత మాత్రాన ఎవడును అన్నంభట్టు కాడని పండితులలో నానుడియే కలదు.

పొగ ఉన్న చోట నిప్పుండును. ఈ విడరాని సహవాసమునకు వ్యాప్తియని పేరు. అనుమానము, అనగా చూచినదానినుండి చూడనిదానిని ఊహించుట, అంతయు దానిమీదనే నిలుచును. దానిని తిరగవేసి, నిప్పున్న చోటనెల్ల పొగయుండునన్నచో చెల్లునా? వంటయింట చెల్లును, యాగశాలలో చెల్లును, దావాగ్నిలో చెల్లును. కొలిమిలో ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండు వద్ద చెల్లదు. అందు నిప్పున్నది, పొగలేదు. కారణము, పొగకు నిప్పొక్కటియే చాలదు, తడికట్టెయు కావలెను. ఇట్లు మనకు తెలియకయే సంబంధమును నిలబెట్టుచున్న మూడవదానిని తార్కికులు ఉపాధి యందురు. అది పొగయున్న ప్రతిచోటను ఉండును, నిప్పున్న ప్రతిచోటను ఉండదు. హైదరాబాదు సంఘమువారి నాలుగు వందల ప్రయోగములలో తడికట్టె యేదియనగా, మితిమీరిన మోతాదు. అది ప్రతి ప్రయోగమునను ఉన్నది గనుకనే కంటికి ఆనలేదు.

దీపికలోని మఱియొక ఉదాహరణము నన్ను మిక్కిలి ఆకర్షించును. మట్టి సంబంధమైన వస్తువులపై ఇనుముతో గీత పడుననుట వందలసార్లు చూచినదే. కాని ఆ శాస్త్రమున పార్థివమనియే లెక్కింపబడు వజ్రముపై ఇనుము గీత గీయజాలదు. కృష్ణాతీరమున కొల్లూరు గనులనుండి గోల్కొండ విపణికి వజ్రములు చేరుచుండిన శతాబ్దములో ఈ మాట వ్రాసినవాడు తెలుగువాడగుట ముచ్చటగానే యున్నది. పలుమాఱులు చూచుటయే వ్యాప్తిని నిశ్చయింపదు. తోడుగా చూచుటయు, వ్యభిచారము, అనగా ఒకటి ఉండి రెండవది లేకపోవుట, తోపకుండుటయు, రెండును కావలెనని దీపిక తీర్పు. ఆ తోపకుండుట కొన్నియెడల తర్కము వలన సిద్ధించును, కొన్నియెడల తనంత తానే సిద్ధించునని కూడ అందున్నది.

ఈ చివరి మాటయొద్దనే నేను ఆగిపోవుదును. సందేహము తనంత తానే లేకపోవుట రెండు విధములుగా జరుగును: సందేహింపదగినది లేనందున ఒకటి, సందేహించు అలవాటు లేనందున మఱియొకటి. లోపలివానికి రెండును ఒక్కరీతిగనే తోచును. లారీకి సందేహము లేకపోవుట రెండవ విధమని నా తాత్పర్యము; గురువు ముందే చెప్పిన మాటను ఆయన పరీక్షకు పెట్టలేదు, నిరూపణకు పెట్టెను. పాశ్చాత్య తత్త్వవేత్తలలో హ్యూమ్ 1748లో, రేపటి సూర్యోదయమునకు నిన్నటి ఉదయములు పూచీ కావనెను. పాపర్ 1934లో, సిద్ధాంతమును బలపఱచు నిదర్శనములను ప్రోగుచేయుట కంటె దానిని కూలద్రోయగల పరీక్షను కల్పించుటయే విజ్ఞానమార్గమనెను. పాపర్ వజ్రమును వెదకుమన్నాడు; అన్నంభట్టు వజ్రమున్నదని చూపెను.

ఇక మన ఊళ్లవైపు చూతము. నగరము ఉత్తరముగా ప్రాకి గండిమైసమ్మ, దుండిగల్ ప్రాంతములను కలుపుకొన్న ఈ కాలమున, బౌరంపేట్ వంటి చోట రెండువందల గజముల స్థలము కొన్నవారికి ఇంటి కంటె ముందు కావలసినది బోరు. బోరుకు పాయింటు పెట్టించవలెను. పాయింటు చూచునాయన వచ్చి అరచేతిలో కొబ్బరికాయను అడ్డముగా పెట్టుకొని, లేదా పంగల వేపపుల్ల పట్టుకొని స్థలమంతయు తిరుగును. కాయ నిట్టనిలువుగా లేచిన చోట సున్నపు గుర్తు. అక్కడ వేసిన బోరున నీరు పడిన ఇండ్ల పేర్లు ఆయన చెప్పును, ఇరుగుపొరుగును చెప్పుదురు. అవి అబద్ధములు కావు.

కాయ లేవని చోట బోరు వేసినవారెవరు? ఎవరును లేరు. ఈ భూమి యడుగున నున్నది రాతినేల. పైన శిథిలమైన పొరలోను, క్రింద బండ పగుళ్లలోను నీరు నిలుచును. ఆ పొర స్థలమంతట వ్యాపించియున్న చోట కాయ లేచినను లేవకున్నను నీరు పడవచ్చును. ఇక్కడ తడికట్టె ఆ శిథిలమైన పొరయే కావచ్చును. 1961లో నెలకొని ఉప్పల్‌లో పనిచేయు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటివారు నేలలోనికి విద్యుత్తును పంపి, అది ఎదుర్కొను నిరోధమును కొలిచి ఊహించునదియు ఈ పొరలను, పగుళ్లనే. వారి ఊహయు బండనేలలో అప్పుడప్పుడు తప్పును, కాని తప్పినది లెక్కలోనికి ఎక్కును. జర్మనీలోని కాసెల్ పట్టణమున 1990లో పుల్లలతో నీరు చూచు ముప్పదిమందిని పాతిపెట్టిన గొట్టములో నీరు పాఱుచున్నదో లేదో చెప్పుమని పరీక్షింపగా, వారు నాణెమెగురవేసి చెప్పినవారికంటె మిన్న కాలేదు.

కాసెల్ కథ చెప్పి బౌరంపేట్‌వారిని ఒప్పింపబూనుట నాకు ఇష్టము లేదు. గొట్టము వేఱు, బండ వేఱని వారు అనగలరు, అనుట న్యాయము కూడను. కాయ లేవని చోట ఊరక బోరు వేసి చూడుమనుటకు నిజాముగారి వేయి పౌనులు మనయొద్ద లేవు. కాని ఆ పరీక్ష తెలియకయే జరుగుచున్నది. వాస్తు పట్టింపుగలవారు పాయింటు మాట తలపెట్టకయే ఈశాన్య మూలన బోరు వేయుదురు. చిన్న స్థలములలో వేఱు చోటు దొరకక వేయువారును కలరు. ఒక కాలనీలో కాయ లేచిన బోర్లెన్ని, ఈశాన్యపు బోర్లెన్ని, ఏ జాతిలో ఎన్నింట నీరు పడినది, ఎన్ని యడుగుల లోతున పడినది, ఎన్ని ఎండినవి అని ఒక నోటుపుస్తకమున వ్రాసికొన్నచో, పైసా ఖర్చు లేకుండ వ్యభిచారమున్నదో లేదో తేలును. రెండు జాతులకును నీరు సమానముగా పడినచో కొబ్బరికాయ పచ్చడికి మిగులును. ఆ వెనుక వాస్తువారు వచ్చి, చూచితిరా ఈశాన్య మహిమయని లేతురు. అప్పుడు చేయవలసినది, అదే పుస్తకమున మఱియొక గడి గీసి, ఆగ్నేయమున బోరు వేసినవారి యిండ్లకు పోయి అడుగుటయే.