నక్షత్రం లేని వసారా

డిసెంబరు 23 రాత్రి నేను కడియం చేరేసరికి మా వీధి సగం వెలుగులోనూ సగం చీకటిలోనూ ఉంది. మా ఇంటి వసారాలో కాగితపు నక్షత్రం ఎప్పటిలాగే వెలుగుతోంది. గోడకు గోడ ఆనుకొని ఉన్న బాబాయి ఇంటి వసారాలో మాత్రం మేకు ఒక్కటే కనిపించింది. బాబాయి చనిపోయిన ఏడాది కూడా పిన్ని ఆ మేకుకు నక్షత్రం తగిలించడం మానలేదు. అడిగితే, "ఈ ఏడు వద్దన్నాడు నాయనా మీ తమ్ముడు" అని లోపలికి వెళ్లిపోయింది.

సంగతి మరునాడు తెలిసింది. తమ్ముడి కూతురు ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. వేసవిలో ప్రవేశ పరీక్షలు, ఆపైన కౌన్సెలింగు. అందుకోసం ఎస్సీ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టారు. ఇంతలో ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు: వీళ్లు హిందువులు కారు, ఆదివారం ఆదివారం చర్చికి వెళతారు, విచారించండి అని. ఆ విచారణ పండుగ అయిన వారంలో ఉంటుందని కబురు వచ్చింది. అందుకే అటకెక్కాల్సిన నక్షత్రం పండుగకు ముందే అటకెక్కింది.

మా కుటుంబంలో రెండు కాగితాలున్నాయి. మా నాన్న ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. మతం అన్న గడిలో క్రైస్తవం అని రాసి, ఆ మాటకు కట్టుబడిన మనిషి. దాంతో మేము బీసీ-సి అయ్యాము. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారికి, వారి సంతతికి ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి ఉన్న వర్గం అది. దాని వాటా 1 శాతం. బాబాయిని బడిలో చేర్చిన రోజున అక్కడి పంతులుగారు ఎవరినీ అడగకుండా హిందూ, మాల అని రాసుకున్నారట. బాబాయి దాన్ని దిద్దించలేదు. ఆయన జీవితమంతా నర్సరీలో అంట్లు కట్టి బతికాడు. ఆయన కాగితం ప్రకారం ఆయన సంతతి 15 శాతం వాటాలోకి వస్తుంది. వాళ్ల మీద చెయ్యి చేసుకున్నవాడి మీద 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం పనిచేస్తుంది. నా విషయంలో పనిచేయదు. తాత ఒక్కడే. తాతకు బాప్తిస్మం ఇచ్చిన, ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ కాలువా ఒక్కటే. ఊళ్లోవాళ్లు మా రెండిళ్లనూ పిలిచే పేరూ ఒక్కటే.

ఈ చీలికకు పుట్టినరోజు 1950 ఆగస్టు 10. రాజ్యాంగంలోని 341వ అధికరణం కింద ఆ రోజు రాష్ట్రపతి వెలువరించిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని 3వ పేరా, హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారెవరూ షెడ్యూల్డ్ కులాలవారు కారన్నది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తెరిచారు. కులాన్ని తిరస్కరించిన మతాలలోకి వెళ్లినా కులం వెంట వస్తుందని పార్లమెంటు రెండుసార్లు ఒప్పుకున్నదన్నమాట. క్రైస్తవులు, ముస్లిముల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ వివేకం ఆగిపోయింది. అవి విదేశీ మతాలన్న జవాబు రాజకీయమే కాని సామాజిక శాస్త్రం కాదు. విలియం బౌడెన్, జార్జ్ బీర్ ఈ డెల్టాకు వచ్చింది 1836లో. ధవళేశ్వరం ఆనకట్టకు పునాది పడింది 1847లో. ఆనకట్ట కన్నా పాతదైన విశ్వాసం ఇంకా విదేశీగానే ఉండిపోయింది. ఆనకట్ట కట్టించిన కాటన్ మాత్రం మన దొర అయ్యాడు!

న్యాయస్థానాల మాటా చూడాలి. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే వ్యక్తికి, క్రైస్తవుడైన కారణంగా, తోటి చర్మకారులకు ఇచ్చిన ప్రభుత్వ బంకు దక్కలేదు. 1985లో సుప్రీంకోర్టు అతని పిటిషన్‌ను కొట్టివేసింది. కులం వల్ల కలిగే దుస్థితి కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా కొనసాగుతున్నదని రుజువు చేయాలన్నది. చెప్పులు కుట్టేవాడు దేశవ్యాప్త సామాజిక అధ్యయనాన్ని ఎక్కడి నుంచి తేగలడు? ఆ పని చేయవలసింది ప్రభుత్వం. ప్రభుత్వం నియమించిన రంగనాథ్ మిశ్రా కమిషనే 2007లో 3వ పేరాను తొలగించమని చెప్పింది. ఆ సిఫారసు మూలన పడింది. 2022 అక్టోబరులో కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసి, దాని గడువు పొడిగిస్తూ వచ్చారు. మన శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసి చేతులు దులుపుకున్నది.

2024 నవంబరు 26న, అంటే సరిగ్గా రాజ్యాంగ దినోత్సవం నాడు, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. క్రైస్తవాన్ని ఆచరిస్తూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనన్నది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టివేస్తూ, మతం మారినవారికి ఆ చట్టం రక్షణ వర్తించదన్నది. ఉన్న ఉత్తర్వు ప్రకారం ఇవి ఊహించదగిన తీర్పులే. నా పేచీ మోసం అన్న మాటతో. నిజం రాసిన మా నాన్నకు శిక్ష, రాయని బాబాయికి రక్షణ ఇచ్చే ఏర్పాటులో మోసం ఎక్కడ మొదలైందో మొదట తేల్చాలి. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వేటాడి చంపినవారు ఎవరి బాప్తిస్మపు చీటీనీ అడిగి చూడలేదు.

క్రైస్తవులు వస్తే మా వాటా తరుగుతుందని హిందూ దళిత మిత్రులు కొందరంటారు. ఆ భయం నిరాధారమని కొట్టిపారేయలేను. మిషన్ బడుల వల్ల ముందు చదువుకున్నవారు మాలో ఉన్నారు. కానీ వాటా పెంచకుండా జనాన్ని చేర్చమని ఎవరూ అడగడం లేదు. పైగా బాబాయి కుటుంబం లాంటివారు ఇప్పటికే ఎస్సీలుగా లెక్కలో ఉన్నారు. హోదా వస్తే కొత్తగా వచ్చేది చాలామందికి సీటు కాదు, నిజం చెప్పుకునే వీలు. ఇక మా ఇంటి మురికి కూడా కడుక్కోవాలి. మాల సంఘం వేరుగా, మాదిగ సంఘం వేరుగా ప్రార్థించే ఊళ్లు ఈ డెల్టాలో ఉన్నాయి. సంబంధాల మాట వచ్చేసరికి విశ్వాసుల నోట మొదట వచ్చేది కులమే. సూసైని న్యాయస్థానం అడిగిన రుజువు మా పెళ్లి పిలుపు కార్డుల్లోనే దొరుకుతుంది.

పండుగ నిశ్శబ్దంగా గడిచింది. పిన్ని చర్చికి రాలేదు. ఉదయం పెరటి దారిన మా ఇంటికి వచ్చి, అమ్మ పక్కన చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకుంది. పాట పాడలేదు, పెదవులు మాత్రం కదిపింది. గారెలు, కోడికూర గోడ మీదుగా అటూ ఇటూ మారాయి. కొత్త గౌను వేసుకున్న పిల్ల దాని మీద పాత చున్నీ కప్పుకుని వచ్చింది. పెదనాన్నా, నేను అబద్ధం ఆడుతున్నానా అని అడిగింది. ముప్పై ఏళ్లుగా చదువుతున్న, చదువు చెబుతున్న మనిషిని. ఆడేది నువ్వు కాదమ్మా అన్నాను. ఆ జవాబు దానికి సరిపోలేదని ముఖమే చెప్పింది.

26న పేట ఆడవాళ్లంతా నర్సరీలకు వెళ్లిపోయారు. కొత్త సంవత్సరం ముందు కడియంలో ఊపిరి సలపదు. చామంతి కుండీలు లారీలెక్కుతుంటాయి, కవర్లలో మట్టి నింపే చేతులకు విరామం ఉండదు. టీ ఇప్పుడు కాగితపు కప్పుల్లో వస్తుంది గనుక వేరు గ్లాసు సమస్య దానంతట అదే తీరింది. సంఘ సంస్కర్తలు చేయలేని పనిని పారేసే కప్పు చేసిపెట్టింది. మట్టి నింపేవారిలో, అంట్లు కట్టేవారిలో ఎవరు హిందువో ఎవరు క్రైస్తవురాలో కూలి పుస్తకంలో ఉండదు. కూలి మాత్రం ఒకటే.

29న విచారణకు ఒక ఉద్యోగి వచ్చారు. మర్యాదస్తుడే. కుర్చీ వేస్తే కూర్చున్నారు, మంచినీళ్లు తాగారు. తాత పేరు, ఊళ్లో ఎవరితో వియ్యమందుతారు, చనిపోతే ఎక్కడ పెడతారు అని అడిగి రాసుకున్నారు. చివరి ప్రశ్నకు తమ్ముడు వెంటనే జవాబు చెప్పలేదు. బాబాయి సమాధి మీద సిలువ ఉంది. దాన్ని నక్షత్రంలా దించలేరు. ముందు గది గోడ మీద ఏళ్లుగా వేలాడిన క్రీస్తు పటం తీసినచోట సున్నం తెల్లగా, నలుచదరంగా మిగిలి ఉంది. ఆయన దాన్ని చూశారు, ఏమీ అనలేదు, రాసుకున్నారో లేదో తెలియదు.

31 రాత్రి ఆరాధన పాటలు మైకులో పేటంతా వినిపించాయి. పిన్ని వసారాలో చీకట్లో కూర్చుని వింది. 2న నేను బయలుదేరేటప్పుడు తువ్వాలులో చుట్టిన పటాన్ని తెచ్చి, మీ ఇంట్లో ఉంచు నాయనా, మీకైతే భయం లేదు కదా అంది. అమ్మ దాన్ని మా పటం పక్కనే గోడకు తగిలించింది. దరఖాస్తు నంబరు తమ్ముడు నా ఫోనుకు పంపాడు. రైలెక్కాక చూశాను. విచారణలో ఉంది అని చూపిస్తోంది.